మూడో అంకె

అమెరికాలోని ఎంఐటీ తన కోర్సుల జాబితాలో ప్రతి సబ్జెక్టు పక్కనా మూడు అంకెలు వేస్తుంది. మొదటి సంవత్సరం కాలిక్యులస్‌కు 5-0-7 అని ఉంటుంది. వారానికి ఐదు గంటలు క్లాసు, ల్యాబు లేదు, ఏడు గంటలు విద్యార్థి సొంతంగా చేసుకోవాల్సిన పని. మూడూ కూడితే 12 యూనిట్లు. సెమిస్టరుకు నాలుగు సబ్జెక్టులు తీసుకోవడం అక్కడ మామూలు కనుక 48 యూనిట్లు, అంటే వారానికి 48 గంటల చదువు. అందులో క్లాసులో కూర్చునేది ఏ పద్దెనిమిదో ఇరవయ్యో గంటలు. మిగిలినదంతా లైబ్రరీలో, హాస్టల్ గదిలో, తోటివాళ్లతో కలిసి లెక్కలతో కుస్తీ పడుతూ గడిచేదే.

మన బీటెక్ సిలబస్ పుస్తకంలోనూ అంకెలుంటాయి. ఎల్, టీ, పీ అని మూడు గడులు: లెక్చర్, ట్యుటోరియల్, ప్రాక్టికల్. నాలుగోది సీ, క్రెడిట్లు. మొదటి సెమిస్టర్ మ్యాథ్స్‌కు చాలాచోట్ల 3-1-0, క్రెడిట్లు 4. ఈ అంకెలు లెక్చరర్ గారి టైమ్‌టేబుల్ వేయడానికి చక్కగా పనికొస్తాయి. ఆయన ఎన్ని గంటలు పాఠం చెప్పాలో, ల్యాబులో ఎన్ని గంటలు నిలబడాలో అందులో ఉంది. విద్యార్థి ఇంటికెళ్లాక ఎన్ని గంటలు కూర్చుంటే ఆ సబ్జెక్టు ఒంటబడుతుందో చెప్పే గడి మాత్రం లేదు.

టైం మేనేజ్‌మెంట్ గురించి కాలేజీ పిల్లలకు మనం చెప్పే సలహాలన్నీ ఆ లేని గడిని దాటేసి మొదలవుతాయి. తెల్లవారుజామున లేవమంటాం, ఫోను పక్కన పెట్టమంటాం, టైమ్‌టేబుల్ వేసి గోడకు అంటించుకోమంటాం. ఎంత పని ఉందో చెప్పకుండా గంటలు పంచుకోమనడం, జీతమెంతో చెప్పకుండా ఇంటి ఖర్చులకు పద్దు రాయమనడం లాంటిది.

బయటి గంటలను లెక్కపెట్టడం మన దేశానికి బొత్తిగా తెలియని సంగతేమీ కాదు. చెన్నై ఐఐటీ కోర్సు వివరాల్లో వాటికి విడిగా ఒక గడి ఉంది. వారానికి మూడు లెక్చర్లున్న సబ్జెక్టుకు ఆరు గంటల బయటి పని కూడా కలిపి తొమ్మిది క్రెడిట్లు వేస్తారు. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ కూడా ఒక క్రెడిట్ అంటే 30 గంటల అభ్యాసమని, ఏడాదికి 40 క్రెడిట్లు, 1200 గంటలని రాసింది. ఆ లెక్కను ఒక మామూలు ఇంజనీరింగ్ కాలేజీ మీద పెట్టి చూద్దాం. సెమిస్టరుకు 20 క్రెడిట్లు, అంటే 600 గంటలు. బోధన 16 వారాలనుకుంటే వారానికి 37 గంటలన్నర. వారానికి ఆరు రోజులు, రోజుకు గంట చొప్పున ఆరు పీరియడ్లు నడిచే కాలేజీలో క్లాసులకే 36 గంటలు అయిపోతాయి. సొంత చదువుకు మిగిలింది వారం మొత్తానికి గంటన్నర!

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. సీట్లో కూర్చున్న గంటే చదివిన గంట అనే నమ్మకం మనకు బలంగా ఉంది, అంతే. హాజరు 75 శాతం ఉండాలి. 65కూ 75కూ మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్, కండోనేషన్ ఫీజు. 65 కూడా లేకపోతే డిటెయిన్. మన పిల్లలకు లెక్క వేసుకోవడం రాదనడం ఈ విషయంలో పెద్ద అన్యాయం. ఇంకా ఎన్ని క్లాసులు ఎగ్గొడితే 75 కిందికి జారదో సెమిస్టర్ మధ్యలో ఎప్పుడు అడిగినా టక్కున చెబుతారు. ఆ లెక్క కట్టే యాప్‌లు కూడా ఉన్నాయి. కాలేజీ దేన్ని కొలుస్తుందో దాన్ని వాళ్లు అణాపైసలతో సహా నిర్వహించుకుంటారు. కొలవని దాన్ని వదిలేస్తారు.

తెలుగు రాష్ట్రాలకు ప్రత్యేకమైన సంగతి ఇంకొకటుంది. మన ఇంజనీరింగ్ విద్యార్థుల్లో చాలామంది ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీల్లో గడిపి వస్తారు. తెల్లారకముందే లేపడం, స్టడీ అవర్, క్లాసులు, మళ్లీ స్టడీ అవర్, రాత్రి పది దాటాక పడక. వారం చివర పరీక్ష, నోటీసు బోర్డు మీద ర్యాంకులు. ఆ పద్ధతి చాలామందికి సీట్లు తెచ్చిపెట్టింది, కాదనలేం. కానీ ఆ రెండేళ్లలో ఈ గంట ఏం చేయాలని విద్యార్థి తనంతట తాను తేల్చుకునే సందర్భం ఒక్కటీ రాదు. పదిహేడేళ్లు నిండిన పిల్లవాడు బీటెక్‌లో చేరేసరికి సాయంత్రం నాలుగు తర్వాత అడిగేవాడుండడు. మొదటి సెమిస్టర్‌లో మూడు బ్యాక్‌లాగులు పడ్డాయంటే వెంటనే ఫోనునో, స్నేహాలనో తప్పుపడతాం. అప్పటిదాకా కాలాన్ని చేతికివ్వని మన పద్ధతి జోలికి వెళ్లం.

ఎంఐటీ ఇక్కడ చేసే పని చూడండి. మొదటి సెమిస్టర్‌లో అక్కడ గ్రేడ్లు ఉండవు. పాసైతే పాసని రాస్తారు, తప్పితే బయటికిచ్చే మార్కుల పత్రంలో ఆ సబ్జెక్టు కనిపించనే కనిపించదు. స్కూలు వదిలి వచ్చిన పిల్లలు కొత్త వేగానికి అలవాటు పడడానికి ఒక సెమిస్టర్ పడుతుందని సంస్థే ఒప్పుకుని, ఆ మేరకు గడువిచ్చిందన్నమాట. మన దగ్గర ఏఐసీటీఈ మొదటి సంవత్సరం వాళ్లకు మూడు వారాల ఇండక్షన్ పెట్టమంది. ఉద్దేశం మంచిదే. చాలాచోట్ల అది యోగా, ప్రసంగాలు, ఒక స్ఫూర్తిదాయక వక్త, ఫొటోలుగా గడిచిపోతుంది. వారంలోని 168 గంటలను గళ్ల కాగితం మీద రాయించి ఎవరి గంటలు వాళ్ల చేత నింపించడం అమెరికన్ కాలేజీల స్టడీ సెంటర్లలో మామూలు కసరత్తు. మూడు వారాల ఇండక్షన్‌లో దానికి ఒక మధ్యాహ్నం చాలు.

అమెరికాలో చాలా కాలేజీలు ఎంఐటీలా మూడు అంకెలు వేయవు. కానీ వెనకున్న సూత్రం ఒకటే. ఫెడరల్ నిబంధన ప్రకారం ఒక క్రెడిట్ అంటే సుమారు 15 వారాల పాటు వారానికి ఒక గంట క్లాసు, దానికి తోడు కనీసం రెండు గంటల బయటి పని. ఈ గంటల కొలత పుట్టుక వెనక చిన్న తమాషా ఉంది. 1905లో ఆండ్రూ కార్నెగీ ప్రొఫెసర్ల పింఛన్ల కోసం ఒక ఫౌండేషన్ పెట్టాడు. ఆ పింఛను కావాలంటే కాలేజీలు తమలో చేరేవారి హైస్కూలు చదువును ఫలానా గంటల కొలతతో లెక్కించాలని అది షరతు పెట్టింది. పింఛను కోసం మొదలైన కొలత నెమ్మదిగా చదువంతటికీ పాకింది.

ఈ ఒకటికి రెండు లెక్క మన వాళ్లకు మొదటిసారి తగిలేది ఎంఎస్ మొదటి సెమిస్టర్‌లో. ఆగస్టులో విమానం దిగిన అమ్మాయి ఇంటికి ఫోన్ చేసి, మూడే సబ్జెక్టులమ్మా, వారానికి తొమ్మిది గంటలే క్లాసులు అంటుంది. బీటెక్‌లో వారానికి 36 పీరియడ్లు కూర్చున్న మనిషికి అది సెలవుల్లా కనిపిస్తుంది. తొమ్మిదికి కనీసం 18 కలిపితే 27. సెమిస్టర్ నడుస్తుండగా విదేశీ విద్యార్థులు క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పని చేయవచ్చు. అదీ కలిస్తే 47. పైన వంట, గిన్నెలు, బట్టలు, బస్సు కోసం ఎదురుచూపు. మూడో వారం హోంవర్కు చేతికొచ్చేసరికి తొమ్మిది గంటల అసలు అర్థం తెలుస్తుంది. చాలామంది నిలదొక్కుకుంటారు. నాలుగేళ్ల పాటు ఇక్కడ ఎవరూ చెప్పని లెక్కను ఒక్క సెప్టెంబరులో నేర్చుకుంటారు. ఇంత తొందరగా నేర్చుకోగలిగినప్పుడు లోపం పిల్లల్లో ఉందని ఎలా అంటాం?

వాళ్లకు అక్కడ చేయూతనిచ్చేది మొదటి క్లాసులో చేతికొచ్చే కాగితం. సిలబస్ అని పిలిచినా అది పాఠాల పట్టిక మాత్రమే కాదు. ఏ హోంవర్కు ఏ తేదీన, మిడ్‌టర్మ్ ఎప్పుడు, ప్రాజెక్టు నివేదిక ఎప్పుడు, దేనికి ఎంత శాతం, ఆలస్యమైతే రోజుకెంత కోత, ప్రొఫెసర్ తన గదిలో ఏ వేళల్లో దొరుకుతారు అన్నీ అందులో ఉంటాయి. మూడు సబ్జెక్టుల కాగితాలు పక్కపక్కన పెట్టుకుంటే అక్టోబరు రెండో వారంలో రెండు పరీక్షలూ ఒక ప్రాజెక్టూ గుద్దుకుంటాయని ఆగస్టులోనే కనిపిస్తుంది.

మన విశ్వవిద్యాలయాలు కూడా అకడమిక్ క్యాలెండర్ ఇస్తాయి. మిడ్ పరీక్షలు, సెమిస్టర్ పరీక్షలు, సెలవులు అందులో ఉంటాయి. దాని కింద జరిగే రోజువారీ వ్యవహారమే ఎవరికీ అంతుపట్టదు. అసైన్‌మెంట్ తేదీ ఒకరు చెబుతారు, ల్యాబ్ ఇంటర్నల్ ఇంకొకరు పెడతారు, సెమినార్ మరొకరు. రేపే రికార్డ్ సబ్మిషన్ అంటూ రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది. లెక్చరర్లను తప్పుపట్టి ప్రయోజనం లేదు, వాళ్ల మీదికీ పైనుంచి ఇలాగే వస్తుంటాయి. ఇక ఉన్న తేదీలైనా నిలబడతాయా అంటే, పరీక్షలు వాయిదా వేయమని అడిగేది ఎక్కువగా విద్యార్థులే. ఒకసారి వాయిదా పడితే గెలిచామనుకుంటారు. అప్పటికే చదివి సిద్ధంగా ఉన్నవాడు మళ్లీ మొదటి నుంచి తిరగేయాలి. గడువు ఎలాగూ జరుగుతుందని అందరికీ తెలిసినచోట ముందుగా చదవడం తెలివితక్కువ పని అవుతుంది. మన నైట్‌అవుట్ల సంస్కృతిలో బద్ధకం పాలు కొంతే, ఈ అనుభవం నేర్పిన పాఠం ఎక్కువ.

అమెరికాలో మార్కులకూ గడువులకూ ఇంత పట్టింపు ఉంది కదా, అదే రహస్యం అనుకుందామంటే ఆక్స్‌ఫర్డ్ అడ్డొస్తుంది.

ఆక్స్‌ఫర్డ్‌లో టర్మ్ ఎనిమిది వారాలే. ఏడాదికి మూడు టర్ములు. వారాలకు అంకెలుంటాయి, మొదటి వారం, రెండో వారం అని. టర్ముకు ముందు వచ్చేదాన్ని సున్నా వారం అంటారు. వారం ఆదివారంతో మొదలవుతుంది. అయిదో వారంలో అందరికీ నీరసం ముంచుకొస్తుందని దానికో పేరు కూడా పెట్టుకున్నారు. చదువు చట్రం ఇలా ఉంటుంది: ట్యూటర్ ఒక ప్రశ్న, చదవాల్సిన పుస్తకాల జాబితా ఇస్తారు. విద్యార్థి వారంలో చదివి ఒక వ్యాసం రాయాలి, సైన్సు వాళ్లయితే లెక్కలు చేయాలి. తర్వాత ట్యూటర్ గదిలో, ఒకరిద్దరు తోటి విద్యార్థులతో కలిసి, గంట సేపు దాని మీద చర్చ. టర్ముల్లో డబ్బుకు పని చేయవద్దని విశ్వవిద్యాలయం డిగ్రీ విద్యార్థులకు చెబుతుంది, ఎందుకంటే ఎనిమిది వారాల్లో ఖాళీ ఉండదు.

విశేషం ఏమిటంటే ఈ వారం వారం వ్యాసాలకు డిగ్రీలో మార్కులు లేవు. డిగ్రీ తరగతిని తేల్చేది ప్రధానంగా చివరి పరీక్షలు. ఆ లెక్కన చూస్తే అది మన పద్ధతికే దగ్గర. అయినా వ్యాసం రాయకుండా ట్యూటర్ గదికి వెళ్లడం కష్టం. ముగ్గురున్న గదిలో దాక్కోవడానికి చోటుండదు. ఫలానా వాక్యం ఎందుకు రాశావని ఒక మనిషి ఎదురుగా కూర్చుని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్న కోసం వారమంతా ఒక క్రమంలో పడుతుంది.

మనం వెళ్లిన దారి దీనికి ఎదురు. పిల్లలు సెమిస్టర్ పొడుగునా చదవడం లేదు కాబట్టి ప్రతి పనికీ మార్కులు పెట్టాలనుకున్నాం. జేఎన్‌టీయూ హైదరాబాద్ 2018 నిబంధనల్లో థియరీ సబ్జెక్టుకు ఇంటర్నల్ మార్కులు 25 ఉండేవి, 2022 నిబంధనల్లో 40 అయ్యాయి. ఆలోచన సరైనదే. కానీ మార్కు పెట్టిన ప్రతి పనికీ ఒక నకలు పుట్టింది. సెక్షన్‌లో ఒకరిద్దరు అసైన్‌మెంట్ చేస్తారు, మిగతావాళ్లు దాన్ని చూసి రాస్తారు. ల్యాబ్ రికార్డు సంగతి చెప్పనక్కర్లేదు. అబ్జర్వేషన్ పుస్తకంలో ఉన్నదే రికార్డులోకి ఎక్కించడం, కుడి పేజీలో రాత, ఎడమ పేజీలో పెన్సిల్ బొమ్మలు, చివర సంతకం. ల్యాబ్ ఎక్స్‌టర్నల్ ముందు రాత్రి ఏ హాస్టల్‌కు వెళ్లి చూసినా నేల మీద బోర్లా పడుకుని రికార్డులు రాసేవాళ్లే. టైం లేదని వాపోయే విద్యార్థి గంటలు ఎక్కడికి పోతున్నాయో వెతికితే ఫోను తర్వాత పేరు దీనిదే అయి ఉంటుందని నా అనుమానం. ఫోను గంటలకు తిట్లయినా తింటాడు, రికార్డు గంటలను చదువు పద్దులో రాసేస్తాం.

ఆక్స్‌ఫర్డ్ పద్ధతి చాలా ఖరీదైనది, ముగ్గురికి ఒక ట్యూటర్ మన వల్ల కాదు. 60 మంది ఉన్న సెక్షన్‌లో ఏం చేయగలం? ల్యాబ్ రికార్డును నాలుగో వంతుకు కుదించి, ఆ మిగిలిన సమయంలో వారానికి పది మందిని పిలిచి ఐదేసి నిమిషాలు ప్రశ్నలు అడిగితే, 16 వారాల సెమిస్టర్‌లో ప్రతి విద్యార్థికీ రెండు మూడు సార్లు వంతు వస్తుంది. లెక్చరర్‌కు వారానికి పట్టేది గంట కంటే తక్కువ. అరవై రికార్డులు తిరగేసి సంతకాలు పెట్టడానికీ అంతే పడుతుంది.

జర్మనీ ఇంకో రకం. మన పిల్లలు ఈ మధ్య అక్కడికీ బాగానే వెళ్తున్నారు. యూరప్ క్రెడిట్ పద్ధతిలో ఏడాదికి 60 క్రెడిట్లు, జర్మనీలో ఒక్కో క్రెడిట్‌కు 30 గంటలు, మొత్తం 1800. ఈ 1800 ఎక్కడిదంటే వారానికి 40 గంటల చొప్పున 45 వారాలు. ఉద్యోగి ఏడాదిలో సెలవులు తీసేస్తే మిగిలేదీ దాదాపు అంతే. విద్యార్థి అంటే పూర్తికాలపు పనివాడని, అతని పనికీ హద్దు ఉంటుందని ఆ లెక్క ఒప్పుకుంటుంది. లెక్చర్లకు చాలాచోట్ల హాజరు తీసుకోరు. నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా రాష్ట్రం 2014లో చాలా క్లాసులకు తప్పనిసరి హాజరు కూడదని ఏకంగా చట్టం చేసింది, 2019లో ఆ నిర్ణయాన్ని తిరిగి విశ్వవిద్యాలయాలకు వదిలింది. పదింటికి అని రాసిన లెక్చర్ పదీ పావుకు మొదలవడం అక్కడి పాత సంప్రదాయం. ఒక భవనం నుంచి ఇంకో భవనానికి నడవడానికి పట్టే సమయాన్ని టైమ్‌టేబుల్‌లోనే కలిపేశారు. సరిగ్గా పదింటికే అయితే ఆ సంగతి విడిగా రాస్తారు.

అంత స్వేచ్ఛ చూసి మన కుర్రాళ్లు మొదట మురిసిపోతారు. తర్వాత పరీక్షకు పేరు నమోదు చేసుకోవాల్సిన తేదీ దాటిపోయిందని తెలిసి నిర్ఘాంతపోతారు. ఆ తేదీని గుర్తుచేసే క్లాస్ రిప్రజెంటేటివ్ ఉండడు, ఆలస్య రుసుముతో కట్టించుకునే కిటికీ కూడా చాలాచోట్ల ఉండదు. ఒక పరీక్షకు సాధారణంగా మూడు అవకాశాలు. మూడూ పోతే ఆ కోర్సులో చదువు ముగిసినట్టే. సప్లీలు రాసుకుంటూ పోవచ్చనే మన భరోసా అక్కడ పనిచేయదు. మన పద్ధతిలో దయ ఉంది, దాన్ని వదులుకోవాలని నేననను. రోజూ పట్టుకుని కూర్చోబెట్టడం, చివర్లో ఎన్నిసార్లయినా రాయనివ్వడం రెండూ కలిసినప్పుడు మాత్రం విద్యార్థికి సొంత లెక్క అవసరమే పడదు.

జర్మన్లంటే గడియారం పట్టుకుని పుట్టినవాళ్లని మనకో అభిప్రాయం. వాయిదా వేయడంలో వాళ్లూ తక్కువ తినలేదు. ఫ్రాంక్‌ఫర్ట్ అనే పేరుతో ఓడర్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊళ్లో, వియాడ్రినా విశ్వవిద్యాలయపు రైటింగ్ సెంటర్ 2010లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. టర్మ్ పేపర్లు రాయకుండా నెట్టుకొచ్చినవాళ్లంతా ఒక రాత్రి అక్కడికి రావాలి. సలహా చెప్పేవాళ్లుంటారు, కాఫీ ఉంటుంది, మధ్యలో వ్యాయామం ఉంటుంది, తెల్లవార్లూ కలిసి రాస్తారు. వాయిదా పడ్డ పేపర్ల సుదీర్ఘ రాత్రి అని పేరు. తర్వాత ఎన్నో విశ్వవిద్యాలయాలు, వేరే దేశాల్లో కూడా, దాన్ని అందుకున్నాయి. మ్యున్‌స్టర్ విశ్వవిద్యాలయంలోనైతే వాయిదా జబ్బుకు విడిగా మానసిక చికిత్సా కేంద్రమే ఉంది. మన దగ్గర అదే విద్యార్థికి దొరికేది సోమరిపోతు అనే బిరుదు. చివరి రాత్రి మేలుకోవడం రెండుచోట్లా ఉన్నదే, అక్కడ మాత్రం సంస్థ దీపాలు వేసి, పక్కన మనిషిని కూర్చోబెట్టింది.

ఇంత లెక్క వేసినా అక్కడ అందరూ 40 గంటలు చదివేస్తున్నారని కాదు. హాంబర్గ్‌కు చెందిన రోల్ఫ్ షుల్‌మైస్టర్, ఆయన సహచరులు విద్యార్థుల చేత నెలల తరబడి రోజువారీ గంటలు రాయించి చూశారు. సగటు 30 గంటలకు బాగా దిగువనే తేలింది. కారణాల్లో ఒకటి మనకూ పనికొస్తుంది. ఐదారు సబ్జెక్టులు పక్కపక్కన నడుస్తుంటే మధ్యలో గంటలు ముక్కలైపోతాయి, ఏ ఒక్కదాని మీదా మనసు నిలవదు. ఒక సబ్జెక్టును కొన్ని వారాలు వరసగా చెప్పి, వెంటనే పని ఇచ్చి, దిద్ది చూపిస్తే సొంత చదువు మెరుగుపడింది. సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ కూడా సెమిస్టరును ముక్కలుగా విభజించి అర క్రెడిట్ కోర్సులు నడుపుతోంది. అనుబంధ కాలేజీల దాకా ఆ ఆలోచన ఇంకా రాలేదు.

అమెరికాలోనూ అంతే. ఫిలిప్ బాబ్‌కాక్, మిండీ మార్క్స్ అనే ఆర్థికవేత్తలు పాత సర్వేలు పోల్చి చూస్తే, 1961లో పూర్తికాలపు విద్యార్థి క్లాసూ చదువూ కలిపి వారానికి 40 గంటలు పెట్టేవాడు. 2003 నాటికి అది 27కు తగ్గింది. ఒకటికి రెండు అనే నిబంధన అక్కడ కూడా కాగితం మీద ఉన్నంత బలంగా గదుల్లో లేదు. అయినా ఆ తగ్గుదల జరిగిందని వాళ్లకు తెలిసింది, ఎందుకంటే లెక్క ఉంది. మన విద్యార్థి 1990లో ఎన్ని గంటలు చదివేవాడో, ఇప్పుడు ఎన్ని చదువుతున్నాడో పోల్చడానికి మన విశ్వవిద్యాలయాలు ఆ ప్రశ్న అడిగి ఉండాలి కదా.

మన పిల్లలకు క్రమశిక్షణ లేదనే మాటకు జవాబు కావాలంటే హైదరాబాద్ చిక్కడపల్లి గ్రంథాలయం ముందు పొద్దున్నే నిలబడితే చాలు. పోటీ పరీక్షల కోసం చదివే వందల మంది సంచీ, నీళ్ల సీసా, కొందరైతే కుర్చీ కూడా మోసుకుని వస్తారు. వాళ్లలో చాలామంది నిన్నటి దాకా కాలేజీలో నైట్‌అవుట్లు చేసినవాళ్లే. సిలబస్ ప్రింటు తీసి, పేపర్ల వారీగా రోజులు పంచుకుని, పాత ప్రశ్నల కింద గీతలు గీసుకుని చదువుతారు. నోటిఫికేషన్ తేదీలు జరుగుతూనే ఉంటాయి, అయినా మళ్లీ రోజులు పంచుకుంటారు. ఎంత చదవాలో స్పష్టంగా తెలిసి, గంటలు తమ చేతిలో ఉన్నప్పుడు ఎలా వాడుకోవాలో వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. పరీక్ష ముందు రాత్రి చదివినవాడు చదవని నలుగురికి చెప్పే మన కంబైన్డ్ స్టడీ కూడా చిన్నచూపు చూడాల్సింది కాదు. అది రెండు వారాలు ముందుకు జరిగితే చాలు.

డే స్కాలర్ వారాన్ని ఒకసారి కాగితం మీద పెడదాం. మొత్తం 168 గంటలు. రాత్రికి ఏడు చొప్పున నిద్ర 49. భోజన విరామంతో కలిపి కాలేజీ 42. ఘట్‌కేసర్ వైపో ఇబ్రహీంపట్నం వైపో ఉన్న కాలేజీకి పోను గంటన్నర, రాను గంటన్నర అనుకుంటే బస్సు 18. స్నానం, తిండి, ఇంటి పనులు రోజుకు మూడు చొప్పున 21. తీసేయగా 38 గంటలు మిగులుతాయి. చేతిలో ఏమీ లేదనుకున్నవాడికి ఇది చిన్న మొత్తం కాదు. అయితే ఆడపిల్లల కాగితం వేరుగా ఉంటుంది. 2019లో దేశమంతటా జరిగిన సమయ వినియోగ సర్వేలో, ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి వెచ్చించారని తేలింది. అందులో అన్ని వయసుల వాళ్లూ ఉన్నారు. కాలేజీ అమ్మాయికి అంత భారం పడకపోయినా, అన్న హోంవర్కు చేసుకునే గంటలో చెల్లెలు వంటింట్లో ఉండే ఇళ్లు మనకు తెలియనివి కావు. సాయంత్రం డెలివరీ పనికి వెళ్లే డిగ్రీ విద్యార్థి కాగితంలో 38 అనే అంకే రాదు. అందరికీ ఒకే టైమ్‌టేబుల్ చెప్పే పుస్తకాలు ఈ తేడాను పట్టించుకోవు. ఎవరి 168 వాళ్లే రాసుకోవాలి.

ఆ 18 బస్సు గంటల్లో చదువుకోవచ్చు కదా అనేవాళ్లు ఆ బస్సు ఎప్పుడూ ఎక్కనివాళ్లు. పొద్దున సగం మంది నిద్రపోతారు, సాయంత్రం పాటలు మోగుతాయి. ఆ గంటలను నిద్ర, సరదా పద్దులో రాసుకుని, రాత్రి గంటలను కాపాడుకోవడమే తెలివైన లెక్క.

బస్సు వల్ల పోయే అసలు గంటలు ఇంకెక్కడో ఉన్నాయి. పరీక్షల వారాల్లో అమెరికన్ విశ్వవిద్యాలయాల లైబ్రరీలు చాలావరకు రాత్రంతా తెరిచే ఉంటాయి. మన కాలేజీ లైబ్రరీలో పుస్తకాలున్నాయి, కరెంటు ఉంది, కంప్యూటర్లున్నాయి, కానీ నాలుగున్నరకు బస్సులన్నీ ఒకేసారి కదులుతాయి, గది ఖాళీ అయిపోతుంది. ప్రతి రూటులో వెళ్లే బస్సుల్లో ఒకదాన్ని ఏడింటికి నడిపితే, ఉండాలనుకున్నవాళ్లకు రోజుకు రెండున్నర గంటలు, పక్కన స్నేహితుడు, కావలసిన పుస్తకం ఒకేచోట దొరుకుతాయి. కొత్త బస్సు కొనక్కర్లేదు. డ్రైవర్ ఓవర్‌టైం, లైబ్రరీలో ఇంకొక మనిషి జీతం, ఏడు దాటాక దిగే అమ్మాయిలకు ఇంటి దాకా భద్రత, ఈ మూడింటికీ ఏర్పాటు కావాలి. మిడ్ పరీక్షలకు ముందు రెండు వారాలు నడిపి చూస్తే ఆ బస్సు ఎంత నిండుతుందో తెలుస్తుంది.